పైన నీళ్లు, అడుగున బెల్లం

ఆ రోజుల్లో కొత్త కోడలికి రెండే భయాలుండేవి. ఫలానా పని తనకు రాదని అత్తింట్లో తెలిసిపోతుందేమోనని ఒకటి. వచ్చునని తెలిస్తే ఆ పని జన్మంతా తన నెత్తిమీదే పడుతుందేమోనని ఇంకొకటి. తెలివైన పిల్లలు రెండోదానికి భయపడి, వచ్చిన పని కూడా రాదని చెప్పి గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లు. నేను మొదటిదానికి భయపడే రకం. రాని పని కూడా వచ్చునని చెప్పేదాన్ని. (ఆ గుణం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొన్న మా కోడలు ఫోన్లో ఏదో చూపించి "సమజయిందా అత్తమ్మా" అంటే, "అయింది" అన్నాను. కాలేదు.) అట్లా వచ్చునని చెప్పి, సిద్దిపేటలో మా వాడకట్టంతా చూస్తుండగా పరువు పోగొట్టుకున్న ముచ్చట ఒకటుంది. దాన్ని నేను మర్చిపోయానని చెప్పను గానీ, మడిచి సందుగలో అడుగున పెట్టుకున్నాను. దాన్ని పైకి తీసింది మా మనవరాలి బడిపుస్తకం. ఆ పిల్ల పరీక్షకని గట్టిగా చదువుతోంది: నీళ్లలో కరిగేది ద్రావితమట, కరిగించుకునేది ద్రావణి అట, రెండూ కలిస్తే ద్రావణమట. నేను నాలుగో తరగతి దాటనిదాన్ని. ద్రావితం, ద్రావణి అంటే ఎవరో అక్కాచెల్లెళ్ల పేర్లనుకుని చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటున్నాను. తర్వాత ఆ పిల్ల చదివిన మాటకు మాత్రం చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది, చెవులు వేడెక్కాయి. ఆ మాట ఏమిటో చివర్లో చెబుతాను. ముందు చెబితే నా మొద్దుతనం మీకు మొదట్లోనే తెలిసిపోతుంది.

మా పుట్టిల్లు మద్దూరు దిక్కు. అక్కడైనా, సిద్దిపేటలోనైనా పీర్ల పండుగ అంటే తురకలది, హిందువులది అని వేరు పెట్టుకునేది లేదు. రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టిన పీర్లు వీధిలోకి వస్తే ఏ గడపవాళ్లు ఆ గడప ముందు నీళ్లు చల్లి, ఊదు వేసి, రొట్టెలు నలిపి చేసిన మలీద ముద్దలూ బెల్లం షర్బతూ పెట్టి మొక్కుకుంటారు. మా ఇంట్లో షర్బతు చేసేది మా అవ్వ, అంటే మా అమ్మ. నేనా? పొద్దున లేచింది మొదలు పీర్ల కొట్టం ముందరి గుండం చుట్టూ అలాయి ఆడుతూ ఉండేదాన్ని. దాహమేసి ఇంటికి వచ్చేసరికి కుండ నిండా ఎర్రటి తియ్యటి నీళ్లు తయారుగా ఉండేవి. అవ్వ "గ్లాసులు తేపో" అంటే తెచ్చేదాన్ని. షర్బతు గురించి నా చదువు అంతవరకే. బెల్లం ఉంటుంది, నీళ్లుంటాయి, కొంతసేపటికి షర్బతుంటుంది. నడుమ ఏం జరుగుతుందో నేనెప్పుడూ ఇంట్లో ఉండి చూడలేదు.

పెళ్లయి వచ్చాక నాకది మొదటి పీర్ల పండుగ. మా అత్తింట్లో షర్బతు అంటే ఊరికే దాహం తీర్చేది కాదు, మొక్కు. మా ఆయన చిన్నప్పుడు జ్వరమొచ్చి కళ్లు తెరవకుండా పడుకుంటే, పిల్లగాడు లేచి తిరిగితే ఏటేటా కుండెడు షర్బతు పోస్తానని అత్తమ్మ పీరుకు మొక్కుకుందట. పిల్లగాడు లేచాడు. (లేచి ఇప్పటిదాకా తిరుగుతూనే ఉన్నాడు, ఇంట్లో కాలు నిలవదు.) ఆ మొక్కు కుండకో పద్ధతుంది. కొత్త కుండ కావాలి. షర్బతు పోశాక కుండకు గంధం పూసి, మూతికి గుడ్డ వేసి దారం కట్టాలి. దారం పడ్డాక ఫాతిహా ప్రార్థన చదివేదాకా ఎవ్వరూ విప్పకూడదు, కలపకూడదు, రుచి అసలే చూడకూడదు. పీరు ముందు పెట్టేది ఎంగిలి కాకూడదు కదా. విప్పాక మొదటి గ్లాసు పీరు ఎత్తుకున్న మనిషికి, తర్వాత వాడకట్టుకు, ఆ తర్వాత చుట్టాలకు వచ్చినవాళ్లు వచ్చినట్టు.

పండుగకు ముందు రోజు అత్తమ్మ అడిగింది, "షర్బతు జేసుడు వస్తదా బిడ్డా నీకు?"

"అయ్యో, రాకపోవుడేంది అత్తమ్మా! మా ఇంట్ల ఏటేటా నేనే జేస్త."

అక్కడే కూర్చుని సోంపు ఏరుతున్న మా వదిన, అంటే మా ఆయన అక్క, తల ఎత్తి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. వాడకట్టులో ఆవిడ పేరు మిరపకాయ. (ఎదురుగా ఎవరూ అనరు. అంత ధైర్యం ఎవరికుంది?) "ఇగ మంచిదాయె. ఈ ఏడు మా అవ్వకు రెక్కలు గుంజుడు తప్పింది" అంది. షర్బతు చేస్తే చేతులు ఎందుకు నొప్పిపెడతాయో నాకు అర్థం కాలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా, అందుకని నవ్వి ఊరుకున్నాను.

తెల్లవారి అత్తమ్మ పొయ్యి ముందు మలీదకు రొట్టెలు కాలుస్తూ, పసిపాప తలకాయంత బెల్లం గడ్డ నా చేతిలో పెట్టి "ఇగ నువ్వు జూస్కో" అంది. ఇంత గడ్డ కుండ మూతిలో పట్టదు కాబట్టి పగలగొట్టాలని మాత్రం నాకు తోచింది. రోకలి ఎత్తాను. సరిగ్గా అప్పుడే ముందర అర్రలో మంచం మీద మా మామ అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు. మామ పడుకుంటే ఆ ఇంట్లో పిల్లి కూడా చూసి అడుగు వేస్తుందని నాకు నేనే అనుకుని ఉన్నాను, ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలు పొద్దున్నే రోకలి మోగించి మామను లేపిందంటే ఇంకేమైనా ఉందా? రోకలి మెల్లగా గోడకు ఆనించి, బెల్లాన్ని చీర కొంగులో చుట్టి మోకాలికేసి విరిచాను. నాలుగు పెద్ద పెళ్లలయ్యాయి, మోకాలు కమిలింది. అవ్వ చేసేటప్పుడు గంజు గిన్నెలోంచి ఆవిరి వచ్చినట్టు లీలగా జ్ఞాపకం ఉండి పొయ్యి దగ్గరికి వెళ్లాను. పెంకమీద రొట్టె ఉంది.

"ఏం గావాలె బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా, ఊకెనే వచ్చిన."

వేడి నీళ్లు కావాలంటే ఎందుకని తిరిగి అడుగుతుంది, నాకు రాదని తెలిసిపోతుంది. అయినా ఎండకు వచ్చేవాళ్లకు చల్లగా ఉంటేనే కదా బాగుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని, రంజన్‌లోని చల్లటి నీళ్లు ముంచి కుండ నింపాను. పెళ్లలు బుడుంగుమని మునిగాయి. సోంపు, మిరియాల పొడి వేసి గరిటె తిప్పబోతే అడుగున టక్కున తగిలి ఆగింది. అంతలో గంధం గిన్నె, దారం పట్టుకుని పక్కింటి ఖాలా రానే వచ్చింది. ఖాలా మా అత్తమ్మకు దోస్తు. ఏటా ఆ కుండకు దారం కట్టేది ఆవిడే.

"ఏం బహూ, బెల్లం ఏసినవా?"

"ఏసిన ఖాలా."

"సోంపు, మిర్యాలు?"

"అన్ని ఏసిన."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. కరిగిందా అని ఖాలా అడగలేదు. ఎందుకడుగుతుంది? అన్నం వండానంటే, పొయ్యి వెలిగించావా అని ఎవరైనా అడుగుతారా? ఖాలా కుండ మీద చేయి వేసి, "అరే వా, ఎంత సల్లగ జేసినవ్! శభాష్!" అని మెచ్చుకుని, గంధం పూసి దారం బిగించేసింది. ఆ ముడి పడ్డాక ఇక గరిటె పెట్టేది లేదు. అయినా ధైర్యం తెచ్చుకున్నాను. బెల్లమే కదా, రాయి కాదు కదా. నీళ్లలో పడ్డది ఎక్కడికి పోతుంది, పీర్లు వచ్చేలోపు అదే కరుగుతుంది.

పొద్దు కొంచెం వాలాక డప్పుల మోతతో పీర్లు మా వీధిలోకి వచ్చాయి. గడప ముందు నీళ్లు పోశాం, ఊదు వేశాం, ఫాతిహా చదివారు. అత్తమ్మ కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుని దారం విప్పింది. గుడ్డ తీయగానే సోంపు వాసన గుప్పుమని కొట్టింది. అత్తమ్మ ముఖం విచ్చుకుంది. "నువ్వే పొయ్యి బిడ్డా, నీ చేతుల మీదికెళ్లి పోనియ్" అని చెంబు నా చేతికిచ్చింది. అంతమందిలో ఆ మాట అనేసరికి నాకు ఎత్తు ఒక జానెడు పెరిగినట్టయింది. పై నుంచి చెంబు ముంచి, పీరు ఎత్తుకున్న మనిషికి మొదటి గ్లాసు పోశాను. ఎండలో నడిచి వచ్చిన మనిషి, గటగటా తాగి, "పానం లేసొచ్చినట్టయింది తల్లీ" అన్నాడు. నిజమే చెప్పాడు. అంత దాహానికి కావలసింది నీళ్లే, పాపం ఆయనకు దొరికినవీ నీళ్లే.

తర్వాత డప్పులవాళ్లు తాగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన "సోంపు మంచిగ వడ్డది" అన్నాడు. ఖాలా తాగి, గ్లాసులోకి ఒకసారి తొంగి చూసి, అత్తమ్మ వైపు చూసింది. మా మామ లేచి వచ్చి తన గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ పోయి మంచమెక్కాడు. పండుగకని వదిన వాళ్ల అత్త కూడా వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. అందరికంటే పెద్ద చుట్టం ఆవిడే. ఒక గుక్క తాగి, నాలుక చప్పరించి, నిదానంగా అడిగింది: "నాకు షుగరున్నదని నీకెవ్వరు జెప్పిన్రు బిడ్డా?" నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాకింకా సంగతి అందలేదు. పోసే మనిషి తాగకూడదు కాబట్టి నా నోటికి ఒక్క చుక్క తగల్లేదు మరి. గ్లాసులేమో స్టీలువి, రంగు చూద్దామన్నా తెలియదు.

కుండ సగానికి దిగాక, చెమటలు కక్కుతూ మా అవ్వ, బాపు, తమ్ముడు వచ్చారు. వాళ్ల బస్సు నడుమ ఎక్కడో టైరు పంక్చరై ఆగిపోయిందట, లేకపోతే అందరికంటే ముందే ఉండేవాళ్లు. (ఆ టైరు మంచిగా ఉండి ఉంటే ఈ ముచ్చటే లేదు.) కూతురి చేతి షర్బతని బాపు సంబరంగా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. కళ్లు పెద్దవయ్యాయి. "మస్తుగున్నది బిడ్డా, నోరు అతుక్కుంటున్నది!" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మా తమ్ముడి నోరు అప్పటికీ ఇప్పటికీ ఆగదు. గ్లాసు వంచి చూపిస్తూ, "అక్కా, గిది తాగుడా, నాకుడా?" అని వీధి చివరికి వినపడేట్టు అడిగాడు.

మా వదిన అడుగు ముందుకేసి ఆ గ్లాసు తీసుకుని వంచింది. అందులోది నీళ్లలా జారలేదు, తీగలా సాగింది. "అవ్వా, ఇటు రా, జూడు. అత్తింటోల్లకు సోంపు నీళ్లు, పుట్టింటోల్లకు బెల్లం పాకం! పిల్ల మా తెలివిగల్లదే."

డప్పులు కూడా సరిగ్గా అప్పుడే ఆగాలా? ఆగాయి. ఆ మాట అందరికీ వినపడింది. వదిన వాళ్ల అత్త కుర్చీలో సర్దుకుని, "పీరు కుండలకెళ్లి మనిషిని జూసి పోసుడు నేనెన్నడు సూడలె" అంది. అత్తమ్మ ముఖం చూశాను. ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన మొక్కు అది. కొడుకు పానానికని మొక్కిన కుండ. దాంట్లో కోడలు కపటం చేసిందని నలుగురూ అంటుంటే ఆవిడ విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. (మా ఆయన ఎక్కడున్నాడని అడక్కండి. అలాయి ఆడుకుంటూ ముందటి పీరు వెంట ఎప్పుడో చెరువు దిక్కు పోయాడు.) అన్నిటికంటే నన్ను కోసింది మా బాపు చేసిన పని. మీసాలకు పాకం అంటుకుని ఉంది. సగం తాగిన గ్లాసు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక, "తక్కువ వడితె మాది గూడ అందుల్నే పొయ్యున్రి" అని ఆ గ్లాసు వాళ్ల వైపు చాపాడు. ఎవరూ అందుకోలేదు. చాపిన చేయి అట్లాగే ఉంది.

మా అవ్వ మాత్రం కుండను చూసింది, నన్ను చూసింది. ఆవిడకు సంగతంతా తెలిసిపోయింది. చెబుదామనుకుని పెదవి కదిపి మళ్లీ మూసుకుంది. చెబితే కూతురికి ఏమీ నేర్పలేదని అంటారు. చెప్పకపోతే కూతురికి కపటం నేర్పారని అంటారు. అప్పుడు నాకు తెలిసింది, నా ముందు రెండే దారులున్నాయని. టక్కరిదాన్ని అనిపించుకుంటే మా అవ్వాబాపూ తల దించుకుని బస్సెక్కాలి. మొద్దును అనిపించుకుంటే నేనొక్కదాన్నే తల దించుకోవాలి.

చెంబు కింద పెట్టాను. గాజులు మీదికి ఎగదోసి, అందరి ముందూ జబ్బ దాకా చేయి కుండలో పెట్టాను. బెల్లం పెళ్ల కొర్రమీనులా చేతికి దొరికినట్టే దొరికి జారిపోతోంది. కుండను ఒడిలోకి వంచుకుని, చీరంతా తడుపుకుని, ఎట్లాగో దాన్ని పట్టి బయటికి తీసి పైకెత్తాను. అంచులు కరిగి నున్నగా అయింది, నడుమ గట్టిగా అట్లాగే ఉంది, నెత్తిన ఒక చెరుకు పీచు కూడా ఉంది. పాకం మోచేతి మీదుగా రైకలోకి కారుతోంది.

"ఇగో, సూడున్రి! కరగలె. నాకు షర్బతు జేయరాదు. మా ఇంట్ల మా అవ్వ జేస్తది, నేను గ్లాసులు తెస్త. గంతే!"

  ముందు ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు ఆపలేకపోయింది. "యా అల్లా! బెల్లానికి తానం జేయించినవ్ గని కరగబెట్టలేదా? గందుకేనా అంత సల్లగున్నది! నేను శభాష్ గూడ అంటి!" అని పడీ పడీ నవ్వింది. డప్పులవాళ్లు నవ్వారు, పీరు ఎత్తుకున్న మనిషి నవ్వాడు. "నేను నీళ్లే తాగిన్నా అయితే!" అన్నాడు ఆయన. కథల్లో అయితే ఇక్కడ అత్తమ్మ కోడలిని దగ్గరికి తీసుకుని ఏదో గొప్ప మాట చెప్పాలి. మా అత్తమ్మ దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి బెల్లం తీసుకుని, "చెయ్యి కడుక్కో పో, ఈగలొస్తయ్" అంది. అంతే. కానీ పోతూ పోతూ మా బాపు చాచిన చేతిలోంచి గ్లాసు తీసుకుని, అడుగంటా తాగి, "తీపి సరిపోయింది అన్నా" అని ఆయనకే చెప్పింది. అప్పుడు బాపు చేయి దించాడు.

ఆ తర్వాత పెళ్లలన్నీ బయటికి తీసి రోట్లో వేసి దంచారు. రోకలి మామ మంచానికి రెండు మూరల దూరంలో మోగింది. మామ కదలలేదు. ఆయనకు ఒక చెవి అసలు వినపడదనీ, రెండో చెవి మీద పడుకుంటాడనీ నాకప్పుడు తెలిసింది. (కొత్త కోడలు మామ ఎదుట పడి మాట్లాడేది లేదు, ఇంకెట్లా తెలుస్తుంది?) దంచిన బెల్లాన్ని వేడి నీళ్లలో వేసి, వడగట్టి, కుండలో పోసి వదిన నా చేతికి గరిటె ఇచ్చింది. "తిప్పు. నేను సాలు అనేదాంక తిప్పు" అంది. చాలా సేపు అనలేదు. రెక్కలు ఎందుకు గుంజుతాయో తెలిసింది. ఈసారి అందరూ తాగారు, అందరికీ ఒకటే తీపి. వదిన వాళ్ల అత్త షుగరు సంగతి మర్చిపోయి రెండోసారి కూడా గ్లాసు చాపింది.

బస్టాండుకు పోతూ మా అవ్వ నన్ను పక్కకు పిలిచి, "గంతమందిల జబ్బ దాంక చెయ్యి వెట్టి తీస్తివి. సిగ్గనిపియ్యలేదానె?" అంది.

"అనిపిచ్చిందవ్వా."

"మరి?"

"బాపు గ్లాసు సాపినప్పుడు ఇంకింత అనిపిచ్చింది."

అవ్వ నా చెంపకు అంటిన బెల్లం కొంగుతో తుడిచి బస్సెక్కింది.

పేరు మాత్రం మిగిలిపోయింది. ఆ రోజు నుంచి వాడకట్టుకు నేను బెల్లంగడ్డను. నా మిరపకాయ వదిన ఏ ఇంటికి నన్ను వెంట తీసుకుపోయినా "మా బెల్లంగడ్డ" అనే పరిచయం చేసేది. నేను చాయ్ ఇస్తే "అడుగు దాంక కలిపినవా?" అని అడగకుండా ఒక్కనాడూ తాగలేదు. పెళ్లిళ్లలో, పురుళ్లలో, చివరికి నా కొడుకు పెళ్లిచూపుల్లో కూడా ఆ ముచ్చట చెప్పించారు. చెప్పిన ప్రతిసారీ అందరితో పాటు నవ్వాను. నవ్వినా చెవులు మాత్రం అప్పటిలాగే వేడెక్కేవి. నలుగురి నవ్వు కాదు నన్ను బాధపెట్టేది. మీసాలకు పాకంతో నిలబడ్డ మా బాపు కళ్ల ముందుకు వచ్చేవాడు.

ఇంతకీ మా మనవరాలు చదివిన మాట ఇది: పదార్థం నీళ్లలో తొందరగా కరగాలంటే పొడి చేయాలట, వేడి చేయాలట, బాగా కలపాలట. మూడే. మామ లేస్తాడని పొడి చేయలేదు, అత్తమ్మ అడుగుతుందని వేడి చేయలేదు, దారం పడిందని కలపలేదు. పుస్తకం రాసినవాళ్లు ఆ రోజు మా వాకిట్లో నిలబడి చూసి రాశారా అనిపించింది. సరిగ్గా కరిగితే మీది చుక్క, అడుగు చుక్క ఒకే తీరుగా ఉంటాయని కూడా ఉందట. ఆ పిల్ల "ఎందుకు నవ్వుతున్నవ్ నానమ్మా?" అంటే, "పరీక్షల వస్తది గని మంచిగ సదువు" అన్నాను.

ఇప్పుడు అత్తమ్మ లేదు. మొక్కు నా చేతికి వచ్చింది. దారం కట్టేది ఖాలా కోడలు. ఈ ఏడు పండుగకు నేను కుండ ముందు కూర్చుని తిప్పుతూనే ఉంటే మా కోడలు వచ్చి, "ఎప్పుడో కరిగింది అత్తమ్మా, ఇంకెంతసేపు తిప్పుతరు? రెక్కలు గుంజుతయ్" అంది. "గుంజనియ్ బిడ్డా" అన్నాను. దారం పడే ముందు ఎవరూ చూడకుండా గరిటెను ఒకసారి అడుగుకంటా దించుతాను. ఏమీ తగలదు. తగలనందుకు మనసు నిమ్మళిస్తుంది. వెంటనే, ఎందుకో మరి, కొంచెం వెలితిగా కూడా ఉంటుంది. మోకాలు కమిలిన ఆ వెర్రిపిల్ల అడుగున ఎక్కడో ఉందేమోనని ఇంకోసారి తిప్పి చూస్తాను.